పన్నును పంటయు



నేడు పన్నులను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. ఈ మాట చెవిని బడగానే రేడియో కట్టివేయుదురేమో యని నాకు కొంత సందేహము గలదు. పన్ను కట్టుట యెవరికిని ప్రియమైన పని కాదు. దానిని గూర్చిన ప్రసంగము వినుట అంతకంటెను ప్రియము కాదు. ఐనను ఒక్క సంగతి మనవిచేసెదను. పేదదేశములు ఏ త్రోవను బాగుపడునని లోకమందలి ఆర్థికశాస్త్రజ్ఞులు వెదకి వెదకి వచ్చి నిలిచిన ప్రశ్నలలో ఒకటి, మన తాతముత్తాతలు చావడి అరుగులమీద కూర్చుండి తర్కించుకొన్న ప్రశ్నయే. సర్కారు రైతునుండి ఎంత తీయవలెను? ఎవరి చేతిమీదుగా తీయవలెను? తీసినదానిని ఏమి చేసినచో మరుసటి యేట పంట తగ్గక పెరుగును?

దీనికి దృష్టాంతము వెదకుటకు మనము ఓడ యెక్కనక్కరలేదు. మదనపల్లెనుండి బయలుదేరి పుంగనూరు మీదుగా కుప్పమునకు పోయిన చాలును. నేల యొకటే; ఎర్రమన్ను, గుండ్లు, నడుమ నడుమ చెరువులు. పంటయు ఇంచుమించు ఒకటే. రాగి, వేరుసెనగ, మడి గలచోట వరి. వాన కురిసినను, ఎగ్గొట్టినను అందరికిని సమానమే. ఐనను సుమారు నూటయేబదేండ్లపాటు ఈ త్రోవలోని రైతులు ఒక్క పద్ధతిని శిస్తు కట్టలేదు. మదనపల్లె సీమ, 1800వ సంవత్సరమున నైజాము కుంఫిణీవారికి దత్తముచేసిన మండలములలోనిది. అచ్చట చాలకాలము నడచినది రైతువారీ. రైతు పేరు సర్కారు లెక్కలో నుండెను. అతడు కట్టినదానికి రసీదు సర్కారే ఇచ్చెను. పుంగనూరు జమీందారీ. కుప్పము కంగుంది జమీందారీలోని ఊరు. ఈ రెండు చోట్లను రైతు కట్టినది జమీందారుకు. జమీందారు సర్కారునకు కట్టినది పేష్కష్ అను నియతమైన మొత్తము. మదనపల్లె కడప జిల్లాలోను, తక్కిన రెండును ఉత్తరార్కాటు జిల్లాలోను ఉండి, 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు ఒక్క గూటికి చేరినవి. 2022లో మదనపల్లె మరల వేరుపడి అన్నమయ్య జిల్లాలో చేరినది. కచేరీలు మారినంత త్వరగా పాత శిస్తుల జాడ నేలనుండి పోదని ఇప్పటి పండితులు కొందరు లెక్కవేసి చూపినారు. ఆ లెక్కకు వచ్చుటకు ముందు కథ మొదటినుండి చెప్పవలెను.

రాజునకు చెల్లవలసినది పంటలో ఆరవ పాలని మన ధర్మశాస్త్రములు విధించినవి. షష్ఠాంశమను మాట పెద్దలందరు ఎరిగినదే. శాస్త్రము చెప్పినది ఆరవ పాలైనను, లోకములో నడచినది వేరు. కుంఫిణీవారు దత్తమండలములను స్వాధీనము చేసికొనునాటికి నైజాము అమీనులు, పాలెగాండ్రు, ఇజారాదారులు, ఎవరికి చిక్కినంత వారు పిండుకొనుచుండిరి. ఆ మండలములకు ముఖ్య కలెక్టరుగా వచ్చినవాడు తామస్ మన్రో. ఆయన శిస్తు విద్యను నేర్చినది మన కుప్పమునకు ప్రక్కనే యున్న బారామహలులో, అనగా నేటి కృష్ణగిరి, సేలము ప్రాంతములలో. అచ్చట 1792 మొదలు అలెగ్జాండరు రీడ్ అను దొర రైతులతో నేరుగా శిస్తు కుదుర్చుకొను పద్ధతిని ఆరంభించెను. మన్రో ఆయన క్రింద ఏడేండ్లు పనిచేసెను. దత్తమండలములకు వచ్చిన పిమ్మట మన్రో సుమారు 80 మంది పాలెగాండ్రను తొలగించి, గుడారములు వేసికొని ఊరూర తిరిగి, 1802 మొదలు నాలుగైదేండ్లు పొలములను కొలిపించి, కరణముల లెక్కలను ఒకదానితో నొకటి సరిచూచి, ఏ చేను ఏ తరమునకు చెందినదో వ్రాయించెను.

కొలతలు పూర్తియైన పిమ్మట ఆయనకు తేలినదేమన, సర్కారు తీయుచున్నది పంటలో నూటికి సుమారు 45 పాళ్లు. ఆరవ పాలెక్కడ, 45 పాళ్లెక్కడ! నేను బడిపంతులుగా నుండిన వాడను గనుక లెక్క కట్టకుండ నుండలేను. మీరును వ్రేళ్లమీద కట్టుకొనవచ్చును. చేనిలో నూరు తూముల రాగులు పండినవనుకొనుడు. సర్కారు 45 తూములు కొనిపోయినచో మిగులునవి 55. అందులో విత్తనములు, ఎద్దుల మేత, కూలి, ఊరి ఆయగాండ్ర మేర పోవలెను. తక్కినది ఇంటిల్లిపాదికి ఏడాది గాసము. బావి త్రవ్వుటకును, రెండవ జత ఎద్దులను కొనుటకును ఏమి మిగులును? ఏమియు మిగులదు. మిగులనిచోట రైతు మంచి చేలను మాత్రము ఉంచుకొని తక్కిన వానిని బీడు విడుచును. అప్పుడు సర్కారునకు 45 పాళ్ల హక్కుండియు, బీటిపొలములో హక్కునకు దక్కునది గడ్డిపరకలే.

మన్రో 1807లో ఊరికి పోవుటకు ముందు మదరాసునకు వ్రాసిన సూచన ఇది: అన్ని భూములపైని నూటికి 25 చొప్పున శిస్తు తగ్గింపుడు, బావినుండియు, వాగునుండియు కపిలతోనో ఏతముతోనో నీరు తోడి పండించు తోటభూములకు దానిపైని మరి 8 తగ్గింపుడు. మరల లెక్క చూడుడు. 45లో నాలుగవ వంతు 11¼. తీసివేయగా 33¾, అనగా మూడవ వంతునకు రవంత యెక్కువ. సర్కారునకు నష్టము కాదా యందురా? సాగు మూడవ వంతు పెరిగినచో ఆ 33¾ మరల 45 అగును. అనగా నూరెకరములు దున్నుచోట నూటముప్పదిమూడు దున్నిన చాలును. బొక్కసము నిండును, రైతు గాదెయు నిండును. తోటభూమికి అదనపు తగ్గింపు ఏలయన, బావి త్రవ్వినవాడు తన సొమ్ము పాతాళములో పెట్టినాడు. అట్టివానిని మెట్ట రైతుతో సమానముగా పిండినచో రెండవ బావి ఎవడును త్రవ్వడు. పుంగనూరు ఆవు సంగతి మీకు నేను చెప్పవలెనా? పొట్టి జాతి, పాలు కొద్దియే గాని చిక్కనివి. దూడకు విడువక చివరి చుక్కవరకు పిండుకొన్నవాని దొడ్డిలో వచ్చే యేటికి దూడయుండదు, ఆవుండదు.

ఈ సూచనను మదరాసువారు అప్పుడు చెవిని బెట్టలేదు. కుంఫిణీకి యుద్ధములు, యుద్ధములకు రొక్కము. పైగా ఊరూర తిరిగి రైతు రైతుతో లెక్క చూచుకొనుట ఖర్చుతోడిపని. కావున 1808 మొదలు ఊళ్లను మొత్తముగా ఇజారాకిచ్చు పద్ధతి పెట్టిరి. మొదట మూడేండ్లకు, పిమ్మట పదేండ్లకు. ఇజారాదారు మనసు ఎట్టిదో చెప్పనక్కరలేదు. మూడేండ్లలో తన పెట్టుబడి రావలెను; నాలుగవ యేట ఆ ఊరు ఏమైన నాతని కేమి? పాటలో ఎక్కువ పాడినవారు రైతులను నలిపి, చాలచోట్ల తామును చెడిరి. తుదకు 1820లో మన్రో మదరాసు గవర్నరుగా వచ్చిన పిమ్మట రైతువారీ మరల నిలిచెను. ఆ 25 పాళ్ల తగ్గింపు అప్పటికి గాని అమలునకు రాలేదు. 1827 జూలైలో ఆయన మన సీమలోనే, పత్తికొండవద్ద, వాంతిభేదితో మరణించెను. దత్తమండలములలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరని చెప్పుదురు.

ఆయనను దేవునిగా చేయుట నా యుద్దేశము కాదు. ఆయన కుంఫిణీ ఉద్యోగి. వసూలైన దానిలో మన చెరువుకట్టకు వచ్చినదెంత, సైన్యమునకును సీమకును పోయినదెంత అను లెక్క తీసినచో మనసు కలుక్కుమనును. రైతువారీలోను శిస్తు రొక్కముగా కట్టవలెను. వాన లేని యేడు వజాయుండునో ఉండదో కలెక్టరు దయ. 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామములో ఈ సీమ పడిన పాట్లు ఏ శిస్తు పద్ధతికిని గౌరవము తెచ్చునవి కావు. కాని తక్కువ తీసినచో ఎక్కువ చేరుననుట ఒక అధికారి తన కచేరి లెక్కలతోనే చూపగలుగుట చిన్న సంగతి కాదు.

ఇది గతించిన కథ యని తోసివేయుదురేమో. ఈనాటి సంగతి యొకటి చెప్పెదను. ఆఫ్రికాఖండము నడుమ కాంగో యను పెద్ద దేశము, అందు కనంగా యను పట్టణము గలవు. కడు బీదపట్టణము. ఇంటిపన్ను కట్టువారు నూటికి పదిమంది కూడ లేరు. అచ్చటి ప్రభుత్వము 2018లో ఇంటింటికి మనుష్యులను పంపి పన్ను వసూలుచేయునప్పుడు, బెర్జెరాన్, తూరెక్, వైగెల్ అను పరిశోధకులు చీటీలు వేసినట్లు కొన్ని ఇండ్లకు పూర్తి పన్ను, కొన్నింటికి తగ్గించిన పన్ను నిర్ణయింపజేసి ఫలితము చూచినారు. ఉన్న పన్నును సుమారు మూడవ వంతు తగ్గించినప్పుడే ప్రభుత్వమునకు అత్యధికమైన ఆదాయము వచ్చునని తేలినది. ఏలయన, కట్టువారి సంఖ్య అంతకు మించి పెరిగినది. మన్రో తోటభూములకు సూచించినదియు ఇంచుమించు మూడవ వంతు తగ్గింపే. రెండువందల యేండ్ల దూరము, సముద్రము దూరము. లెక్క మాత్రము దగ్గర దగ్గరగా వచ్చినది. ఐతే దీనిని పట్టుకొని, పన్ను ఎంత తగ్గించిన అంత మేలని వాదింపరాదు. ఆ పరిశోధకులే చెప్పినట్లు, వసూలుచేయువాడు సమర్థుడైనచోట హెచ్చు పన్నును చెల్లును. వాని సామర్థ్యము తక్కువైనకొలది భరింపదగిన పన్నును తక్కువే.

కనుక ప్రశ్న వసూలుచేయువాని దగ్గరకు వచ్చినది. కనంగాలోనే మరియొక పరీక్ష చేసినారు. కొన్ని పేటలలో సర్కారు బంట్రోతులును, కొన్నింట ఆ పేటపెద్దలే స్వయముగాను వసూలుచేసిరి. పేటపెద్దలు వసూలుచేసినచోట ఆదాయము నూటికి 44 పాళ్లు హెచ్చినది. బెదిరించి కాదు, ఎవని చేతిలో డబ్బాడుచున్నది, ఎవడు నిజముగా ఇబ్బందిలో నున్నాడు, ఎవని తలుపు ఏనాడు తట్టవలెనో వారికి తెలియును గనుక. ఇది చదివినప్పుడు నాకు మన కరణము జ్ఞప్తికి వచ్చినాడు. 1984 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబుల పదవులను రద్దుచేసినది. చాలమంది సంతోషించిరి; సంతోషించుటకు కారణములును లేకపోలేదు. ఒక్క గీటుతో చేను ఒకరినుండి యొకరికి మార్చగల కలము ఒకే కుటుంబములో తరతరములుగా నుండుట న్యాయము కాదు. ఐనను ఆ కలముతోపాటు ఊరి చేలన్నిటి చరిత్రయు ఒక తలలో నుండెడిది. ఆ రెంటిని విడదీసి, అధికారమును త్రోసివేసి జ్ఞానమును నిలుపుకొను ఉపాయము మనకు అప్పుడు తట్టలేదు. ఇప్పటికిని పూర్తిగా తట్టినదని చెప్పజాలను.

ఊరివాడు వసూలుచేసిన చాలునని గూడ అనుకొనరాదు. పాకిస్తాన్ పంజాబులో ఇండ్లపన్ను వసూలుచేయు ఉద్యోగులకు, వసూలులో కొంత భాగము బహుమానముగా ఇచ్చి చూచినారు. 2016లో వెలువడిన ఆ పరిశోధనకు ఖాన్, ఖ్వాజా, ఓల్కెన్ అను మువ్వురు పెట్టిన పేరులోనే ఇజారాదారీ మరల వచ్చినదన్న సూచన యున్నది. ఆదాయము మామూలుకంటె నూటికి 9 పాళ్లకు పైగా హెచ్చినమాట నిజమే. హెచ్చినది కొద్ది ఇండ్లనుండి మాత్రము. ఆ ఇండ్లకు అసలు విలువను బట్టి పన్ను పడినది. తక్కిన అనేకులు పన్ను ఎక్కువ కట్టలేదు గాని లంచము ఎక్కువ ఇచ్చినట్లు చెప్పినారు. ఉద్యోగి చేతిలో బెదిరింపునకు బలము పెరిగినది గదా! 1808 నాటి మన ఇజారా గ్రామములలోని ముసలివారు లేచివచ్చి ఈ పుస్తకమును విన్నచో, దీనికింత పరిశోధన యేల యని అడిగియుందురు.

ఇక పుంగనూరు, కుప్పముల వైపునకు మరలెదను. శాశ్వత పరిష్కారమను పద్ధతిని వంగదేశములో 1793లో ఏర్పరచి, 1802లో శాసనముచేసి మదరాసు రాజధానికిని తెచ్చిరి. సర్కారునకు లాభమేమన, ఇరువదివేల రైతులతో లెక్క చూచుకొనుటకు బదులు ఒక్క జమీందారుతో చూచుకొనవచ్చును. జమీందారునకు లాభమేమన, ఎంత వసూలైనను కట్టవలసిన పేష్కష్ పెరుగదు. నడుమ నున్న రైతునకు లాభమేమి? జమీందారు మంచివాడైనచో చెరువు మరమ్మతగును, కానిచో లేదు. మంచివారు లేకపోలేదు. కాని ఒక మనుష్యుని మంచితనముమీద ఆధారపడినచోట బావికి ముప్పదేండ్ల పెట్టుబడి పెట్టుట యెట్లు?

అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యరు అను ఇద్దరు పండితులు ఈ ప్రశ్నను దేశమంతటికి పెట్టి, 2005లో ఫలితము ప్రకటించిరి. వారిలో బెనర్జీ 2019లో మరి ఇద్దరితోపాటు నోబెల్ బహుమానమందినవాడు. తెల్లవారి కాలమున జమీందారుల చేతిమీదుగా శిస్తు పోయిన జిల్లాలను ఒక ప్రక్క, రైతులే కట్టిన జిల్లాలను ఒక ప్రక్క పేర్చి, స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటి సాగు లెక్కలు చూచినారు. జమీందారులు లేని జిల్లాలలో ఎకరము దిగుబడి సుమారు 16 శాతము ఎక్కువ. జమీందారీలు రద్దయినను తేడా తగ్గుటకు బదులు, 1965 తరువాత క్రొత్త విత్తనములు, ఎరువులు వచ్చినప్పుడు మరింత హెచ్చినది. జమీందారీ యున్న జిల్లాలలో వ్యవసాయమునకు మాత్రమే గాక బడులకును, వైద్యమునకును తక్కువ ఖర్చు జరిగినదని గూడ వారు చూపినారు. పాతకాలపు పగలు, అపనమ్మకములు ఊరివారిని ఒక్కటిగా నిలిచి సర్కారును అడుగనీయకుండ చేసినవని వారి యూహ.

ఇచ్చట నేనొక మాట హెచ్చరికగా చెప్పవలెను. అవి జిల్లాల సగటులు. దీనిని పట్టుకొని పుంగనూరువారికంటె మదనపల్లెవారు ఘనులని పందెములు వేయుదురేమో! మన చిత్తూరు జిల్లాయే రెండు పద్ధతుల కలగూరగంప. మదరాసు ప్రభుత్వము 1948లో ఎస్టేటుల రద్దు చట్టము చేసి జమీందారీలన్నిటిని రైతువారీగా మార్చినది. అప్పటినుండి కుప్పము రైతు పట్టాయు, మదనపల్లె రైతు పట్టాయు ఒక్కటే. జాడ యుండవచ్చును గాని జాతకము కాదు.

ఇప్పుడు నేటి బొక్కసమును చూతము. ధనిక దేశములలో ప్రభుత్వము జాతీయోత్పత్తిలో సగటున నూటికి సుమారు 40 పాళ్లు పన్నులుగా గ్రహించుచుండగా, బీద దేశములలో అది 10కిని 20కిని నడుమ నున్నదని బెస్లీ, పెర్సన్ అను పరిశోధకులు చూపినారు. మన దేశములో కేంద్రరాష్ట్రముల పన్నులన్నియు కలిపినచో 17, 18 పాళ్లు. బీద దేశములు పన్నులచేత చితికిపోవుచున్నవని మనమనుకొందుము. లెక్క చూడగా వానికి వచ్చునదే తక్కువ. అంతర్జాతీయ ద్రవ్యనిధికి చెందిన కొందరు 2016లో 139 దేశముల లెక్కలు తీసి, ఈ పాలు 12¾ దాటిన దేశములు తరువాతి పదేండ్లలో దాటని వానికంటె వేగముగా పెరిగినవని చెప్పిరి. తలకు వచ్చు ఆదాయము పదేండ్లకు ఏడున్నర శాతము హెచ్చుగా నుండెనట. ఆ మాత్రమైన రాబడి లేనిదే ప్రభుత్వము బడి పెట్టలేదు, బాట వేయలేదు, న్యాయస్థానము నడుపలేదు. అవి లేనిదే వ్యాపారము సాగదు. ఐతే 12¾ అను అంకెను మంత్రముగా జపింపరాదని నా మనవి. దేశము బాగుపడుచుండుట చేతనే పన్ను హెచ్చుటయు కలదు గదా. కోడి కూసినందున తెల్లవారదు.

బీద దేశములో పన్ను చేతికి చిక్కకపోవుటకు కారణము తెలిసికొనవలెనన్నచో మదనపల్లె టొమాటో మార్కెట్టునకు వెళ్లి నిలువబడుడు. ఎన్నో ఊళ్ల రైతులు తెచ్చిన బుట్టలు వరుసలుగా నుండును; పాట జరుగును; లారీలు దూరరాష్ట్రములకు కదలును. ఒకనాడు బుట్ట వెల ఆకాశమంటును. ఒకనాడు కోతకూలియు రాక కాయలు బాటప్రక్కన పారబోయుదురు. ఇందులో ఎవరి యేడాది ఆదాయము ఎంతయని ఏ అధికారి లెక్కగట్టగలడు? రైతునకే తెలియదు. జీతగాని ఆదాయము కాగితముమీద నుండును గనుక పన్ను అచ్చట సులభముగా తగులుకొనును. వ్యవసాయపు ఆదాయముపై కేంద్రప్రభుత్వము ఆదాయపు పన్ను వేయదు. ఆ యధికారము రాజ్యాంగము రాష్ట్రములకిచ్చినది. ఒకప్పుడు సర్కారు రాబడిలో అన్నిటికంటె పెద్ద పద్దుగా నున్న భూమిశిస్తు నేడు లెక్కలో కానరానంత చిన్నదైనది.

కావున మన పెద్దలు కొందరు రచ్చబండమీద, "మేము పన్నులు కట్టువారము కాము, పట్టణమువారు కట్టుదురు" అనుట విన్నాను. ఇది పొరపాటు. 2017 జూలై 1నుండి దేశమంతటను వస్తుసేవల పన్ను నడచుచున్నది. మీరు కొన్న సబ్బులో అది యున్నది, తలనూనెలో నున్నది, పురుగుమందులో నున్నది. చుక్కనీటి సేద్యపు గొట్టములపై 12 శాతముగా నుండి 2025 సెప్టెంబరు 22నుండి 5 శాతమునకు తగ్గినది. ట్రాక్టరుకును అట్లే తగ్గినది. డీజిలులో కేంద్రము పన్నొకటి, రాష్ట్రము పన్నొకటి వేరుగా గలవు. రాష్ట్రములో అమ్ముడైన సరకుపై వచ్చిన వస్తుసేవల పన్నులో సగము రాష్ట్రమునకే చేరును. బిచ్చగాడు సైతము అగ్గిపెట్టె కొన్ననాడు పన్ను కట్టినవాడే. తేడా యేమన, పూర్వము శిస్తు కట్టినవానికి నేను ఇంత కట్టితినన్న స్పృహ యుండెను. కిస్తు నాటికి ఇల్లాలి నగ కుదువబెట్టినవాడు దానిని మరచునా? నేటి పన్ను మనకు తెలియకుండనే జేబునుండి పోవుచున్నది. నొప్పి లేకుండుట మంచిదే. కాని నొప్పి లేనిచోట అడుగుటయు లేదు. ఎక్కడనుండియో వచ్చిన సొమ్మని తలచి, కాలువ పనియైనను కాకున్నను సర్కారుది గదా యని యూరకుందుము. శ్రీశైలమునుండి కృష్ణాజలములను ఎత్తిపోసి హంద్రీ-నీవా కాలువలలో పుంగనూరు శాఖకును, కుప్పము శాఖకును మరల్చుటకైన ఖర్చు ఎవరి సబ్బులోనుండి, ఎవరి డీజిలులోనుండి వచ్చినది? మనదే గదా.

కనంగా పట్టణపు మూడవ సంగతి ఒకటి మిగిలినది. వైగెల్ పండితుడు 2020లో ప్రకటించినదిది. 2016లో ఇంటింటికి పోయి పన్ను అడిగిన పేటలలోని జనులు, అడుగని పేటలవారికంటె నూటికి ఐదుగురు చొప్పున ఎక్కువగా ప్రభుత్వము పిలిచిన సభలకు వచ్చిరి, పాలనపై తమ అభిప్రాయమును వ్రాసి పంపిరి. పన్ను అడిగినందుకు కోపగించి ఇంట కూర్చుండుటకు బదులు, అడిగితివి గనుక లెక్క చెప్పుమని వచ్చినారన్నమాట.

మన గ్రామములలో ఇట్లు కండ్లకు కనబడు పన్ను నేటికి మిగిలినది ముఖ్యముగా పంచాయతీ ఇంటిపన్ను ఒక్కటే. మొత్తము చూడగా అత్యల్పము. కేంద్రరాష్ట్రముల నుండి వచ్చు గ్రాంటుల ముందు అది చెరువుముందు చెంబెడు. అందుచేతనే ఎవరును దానిని లక్ష్యపెట్టరు. వసూలుచేసి ఇరుగుపొరుగువారితో విరోధము తెచ్చుకొనుటకంటె గ్రాంటుకు ఎదురుచూచుట మేలని పాలకవర్గమువారు తలంతురు. కాని గ్రాంటునకు లెక్క అడుగువాడు పైనున్నవాడు. ఇంటిపన్నునకు లెక్క అడుగువాడు ఊరివాడు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామసభను పెట్టినది అందులకే.

ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట నేను ఒక గ్రామములో కొంతకాలము మిత్రుని యింట నుంటిని. బడి పైకప్పు కురియుచున్నదని గ్రామసభలో పెద్దలు గట్టిగానే మాటలాడిరి; సొమ్ము లేదని జవాబు వచ్చినది. అప్పుడొక పెద్దమనిషి ఇంటిపన్ను పుస్తకము తెప్పించి నన్ను చదువుమనెను. చదువుకొనుచు పోగా, వీథి మొగనున్న రెండంతస్తుల మిద్దె అందులో ఇంకను పూరిల్లు. సభలో నవ్వులు పుట్టినవి. ఆ మిద్దె ఆ పెద్దమనిషిదే. ఆయనయు నవ్వి, ఇరువదేండ్లుగా ఎవరును వచ్చి చూడలేదు, నేనును చెప్పలేదు, ఇప్పుడు వ్రాసికొనుడు అనెను. పంచాయతీ కార్యదర్శి కలము తీసి, ఆ యింటితో మొదలుపెట్టి వీథి పొడవునను నడచెను. మేము నలుగురము ఆయన వెంట పోతిమి. సాయంకాలమునకు పుస్తకములో పదునేడు పూరిండ్లు మిద్దెలైనవి. రెండు మాత్రము నిజముగా పూరిండ్లే. వానిలో ఒకటి కూలిపోయి, దానిపై పన్ను ఏటేట పడుచునే యున్నది.